శ్రామిక స్త్రీలు – రొమ్ము స్వీయపరీక్ష

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలోను, వాని చుట్టునున్న పల్లెలలోను, ఉదయము ఇంటిపని ముగించి, అరుగుమీద కూర్చుండి, చాట ఒడిలో పెట్టుకొని, తడిపి మెత్తబరచిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, అందులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారము కట్టి, మూతి మడిచి, కట్టలు కట్టి కార్ఖానాలో లెక్క అప్పగించు స్త్రీలు వేలకొలది కలరు. వారి విద్య అంతయు వ్రేళ్ళయందే ఉన్నది. ఆకులో ఈనె ఎక్కడ మందముగా నున్నదో, తంబాకు ఎక్కడ ఉండకట్టినదో, చుట్టు ఎక్కడ వదులైనదో వారు కంటితో చూడకయే, ప్రక్కనున్న వదినెతో మాటలాడుచునే గ్రహింతురు. గ్రహింపకున్నచో ఆ బీడీలు కార్ఖానాలో ఏరివేయబడి ఆ మేరకు కూలి తెగిపోవును. ఇంతటి సూక్ష్మమైన స్పర్శజ్ఞానము గల స్త్రీ తన రొమ్ములో కందిగింజంత గట్టితనము ఏర్పడినపుడు దానిని తెలిసికొనలేదా? తెలిసికొనగలదు, నేర్పినచో నిశ్చయముగా తెలిసికొనగలదు. తెలిసికొన్న మాట నెలల తరబడి ఆమె పెదవి దాటి రాకపోవుటకు కారణమేమి? ఈ రెండవ ప్రశ్నయే పెద్దది. రొమ్ము స్వీయపరీక్షను గూర్చి పత్రికలలో వచ్చు వ్రాతలు తరచుగా మొదటిదానితోనే ఆగిపోవుచున్నవి.

శ్రామిక స్త్రీ యనగా బీడీలు చుట్టునామె మాత్రమే కాదు. సిరిసిల్లలో మరమగ్గముల చప్పుడు నడుమ కండెలు చుట్టు స్త్రీలు కలరు. పెద్దూరు అపారెల్ పార్కులో కుట్టుమిషనుల ముందు కూర్చుండు యువతులు కలరు. జగిత్యాలలో బడిపంతులమ్మలు, బ్యాంకు ఉద్యోగినులు, అంగన్‌వాడీ టీచర్లు, వరినాట్లకును పసుపు తవ్వకములకును పోవు కూలీలు కలరు. చదువుకొన్నవారికి ఈ విషయము తెలియుననియు, చదువు లేనివారికి మాత్రమే తెలియదనియు తలచుట పొరపాటు. క్యాన్సరు అను పేరు విననివారు నేడు ఎవ్వరును లేరు. కాని పేరు వినుట వేరు, నెలకొకసారి తలుపు వేసికొని పది నిమిషములు తన దేహమును తాను పరీక్షించుకొనుట వేరు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ముప్పది మొదలు నలుబది తొమ్మిది ఏండ్ల నడుమనున్న భారతీయ స్త్రీలలో ఎన్నడైనను ఒక్కసారి రొమ్ము క్యాన్సరు పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఒక్కరు గూడ లేరని తేలినది. ఆ నూటిలో టీచర్లును ఉన్నారు, ఉద్యోగినులును ఉన్నారు.

వ్యాధి విస్తృతిని గూర్చి కొంత చెప్పవలెను. భారతదేశమున స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో నేడు ప్రథమస్థానము రొమ్ము క్యాన్సరుదే. 2022 సంవత్సరమునకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సరు పరిశోధన విభాగము వేసిన అంచనా ప్రకారము, ఆ యొక్క ఏటనే మన దేశములో సుమారు 1,92,000 మందికి ఈ వ్యాధి క్రొత్తగా బయటపడినది. సుమారు 98,000 మంది దీనివలన మరణించిరి. హైదరాబాదు జిల్లాలో 2012–16 నడుమ సేకరించిన లెక్కలలో ఈ వ్యాధి ప్రతి లక్ష మంది స్త్రీలలో 48 మందికి వచ్చుచున్నట్లు కానవచ్చినది. దేశములోని క్యాన్సరు నమోదు కేంద్రములన్నింటిలో అది అత్యధికమైన రేటు. పాశ్చాత్య దేశములలో ఈ వ్యాధి ఎక్కువగా అరువది దాటినవారికి వచ్చుచుండగా, మన దేశమున దాదాపు పది యేండ్లు ముందుగానే, అనగా పిల్లల చదువులు, పెండ్లిండ్లు ఇంకను మిగిలియున్న ఈడులోనే, తల్లులను పట్టుకొనుచున్నది. వయస్సు, వంశములో తల్లికో అక్కచెల్లెండ్రకో వచ్చియుండుట, చిన్నతనముననే రజస్వల యగుట, ముట్లు ఆలస్యముగా ఆగిపోవుట, సంతానము లేకుండుట, ముట్లుడిగిన పిమ్మట స్థూలకాయము, మద్యపానము – ఇవి దీనికి దోహదము చేయు కారణములు. అయినను వ్యాధి వచ్చినవారిలో దాదాపు సగము మందిలో స్త్రీగా పుట్టుట, నలుబది ఏండ్లు దాటుట తప్ప మరియే కారణమును కానరాదు. "మా ఇంట్ల ఎవ్వరికీ లేదు గదా, నాకెందుకొస్తది?" అని నిశ్చింతగా నుండుటకు ఇందువలననే వీలులేదు.

వ్యాధి ఏ దశలో బయటపడినదను దానినిబట్టియే ప్రాణము నిలుచుట ఆధారపడియున్నది. 2012 మొదలు 2015 వరకు రోగనిర్ణయమైన భారతీయ స్త్రీలను అనుసరించి చూచిన గణనలో, గడ్డ రొమ్మునకే పరిమితమై యున్నప్పుడు చికిత్సకు వచ్చినవారిలో నూటికి 81 మంది ఐదేండ్ల పిమ్మటను జీవించియుండిరి. చంకలోని గ్రంథులకును చుట్టుప్రక్కలకును ప్రాకిన పిమ్మట వచ్చినవారిలో 65 మంది. ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయమునకో ప్రాకిన పిమ్మట వచ్చినవారిలో 18 మంది మాత్రమే. వ్యాధి ఒక్కటే, మందులును ఇంచుమించు అవియే. భేదమంతయు రోగి తలుపు దాటి బయలుదేరిన దినములోనున్నది.

ఆ దినము ఏల ఆలస్యమగుచున్నది? మొదటి కారణము, ఈ గడ్డకు ఆరంభమున నొప్పి లేకపోవుట. నడుమునొప్పి, మెడనొప్పి, తంబాకు దుమ్మువలన దగ్గు, కండ్లమంట – ఇవి బీడీలు చుట్టువారికి నిత్యపరిచితములు; నొప్పి పెట్టుదానినే ఓర్చుకొని కూర్చుండు స్త్రీ, నొప్పిలేని గడ్డను గూర్చి దవాఖానకు పోవునా? "నొప్పి లేదు గదా, అదే పోతది" అను మాట అందరి ఇండ్లలోను వినబడునదే. ప్రజలు భయపడు చిహ్నము నొప్పి. వైద్యుడు అనుమానించు చిహ్నము నొప్పిలేమి. ఈ వ్యత్యాసమును ఎవ్వరును ఆమెకు విప్పి చెప్పలేదు. పాలిచ్చు తల్లియైనచో దానిని పాలగడ్డ యనుకొని పసరు కట్టుట, కాపడము పెట్టుట జరుగును. పాలగడ్డయే కావచ్చును, కాని రెండు వారములలో తగ్గని పాలగడ్డను వైద్యుడు చూడవలసినదే, ఏలయనగా గర్భిణులకును బాలింతలకును గూడ ఈ వ్యాధి వచ్చుట కలదు.

రెండవ కారణము కూలి. బీడీలకు కూలి వెయ్యికి ఇంత యని కట్టబడును. కూర్చున్నంతసేపే ఆదాయము, లేచినంతనే అది ఆగిపోవును. కార్ఖానాలో పని దొరకు దినములే తక్కువగానున్నపుడు, దొరికిన దినమున చాట ప్రక్కన పెట్టి, కోరుట్ల నుండి జగిత్యాలకో, సిరిసిల్ల నుండి కరీంనగరమునకో బస్సెక్కి పోయి, వరుసలో నిలుచుండి, "రేపు రమ్ము" అనిపించుకొని తిరిగివచ్చుట యనగా రెండు దినముల కూలి పోగొట్టుకొనుట. ఆ సొమ్ము మహిళాసంఘములో కట్టవలసిన కిస్తు; లేదా పిల్లవాని ఫీజు.

మూడవ కారణమును చెప్పుటకు నాకే సంకోచము కలుగుచున్నది. కాని చెప్పకున్న మిగిలినదంతయు వ్యర్థము. ఈ ప్రాంతమున ఎన్ని ఇండ్లలో మగవాడు ఊరిలో లేడో అందరును ఎరుగుదురు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల వారు దుబాయి, మస్కట్టులలోను, సిరిసిల్ల నేతవారు భీవండి, సూరతులలోను జీవనము వెదకికొనుచుండగా, ఇంటి భారమంతయు స్త్రీ మీదనే పడియున్నది. రొమ్ములో గడ్డ యున్నదను మాట ఆమె ఎవ్వరితో చెప్పును? సముద్రమునకావల శిబిరములో పదిమంది నడుమ కూర్చున్న భర్తకు ఫోనులో చెప్పుట ఎట్లు? అత్తతో చెప్పినచో కొడుకు అప్పు ఇంకను తీరలేదను మాట వచ్చును. ఈడు వచ్చిన కొడుకుతో చెప్పుటకు నోరు రాదు. పెండ్లికెదిగిన కూతురున్నచో "తల్లికి క్యాన్సరట" అను వార్త సంబంధములు చెడగొట్టునను భయము. దవాఖానలో మగ డాక్టరు చూచునేమో యను జంకు వీనికి తోడు. ఇందులో ఏదియు మూర్ఖత్వము కాదు. ప్రతియొక్కటియు ఇంటిని నిలుపుకొనవలెనను ఆరాటమునుండి పుట్టినదే. కావున ఆమెను మందలించుట వలన ప్రయోజనము లేదు; ఆమె మార్గములోని అడ్డంకులను తొలగించుటయే కర్తవ్యము.

ఇక పరీక్షించుకొను విధానము. నెలసరి వచ్చుచున్న స్త్రీ, ముట్టు మొదలైన దినము నుండి లెక్కించి ఏడవ దినమునకును పదవ దినమునకును నడుమ చూచుకొనవలెను. ముట్టునకు ముందు దినములలో రొమ్ములు సహజముగానే బరువెక్కి గడ్డలుగట్టినట్లు తోచును గనుక ఆ సమయము తగదు. ముట్లుడిగినవారు ప్రతి నెలయు ఒకే తేదీని పెట్టుకొనిన చాలును. మొదట రవిక విడిచి, వెలుతురున్న గదిలో అద్దము ముందు నిలుచుండి, చేతులు దిగవిడిచి ఒకసారి, చేతులు తలపైకెత్తి ఒకసారి, నడుముమీద గట్టిగా అదిమిపట్టి ఒకసారి చూడవలెను. రెండు రొమ్ములు సరిసమానముగా ఉండవలెనను నియమము లేదు. పుట్టుకనుండి ఒకటి కొంత పెద్దదిగా నుండుట అనేకులకు సహజము. చూడవలసినది మార్పు: చర్మము ఒకచోట లోనికి గుంటపడినదా, నారింజ తొక్కవలె గరుకెక్కినదా, ఎర్రబారినదా, చనుమొన ఇదివరకు లేనివిధముగా లోనికి లాగుకొనిపోయినదా, దానిపై మానని పుండో పొక్కులో కలవా, పిండకయే నెత్తురో నీరో కారుచున్నదా అని.

తరువాత వెల్లకిల పండుకొని, కుడిభుజము క్రింద మడతపెట్టిన దుప్పటి నుంచి, కుడిచేతిని తలక్రిందికి మడిచి, ఎడమచేతి చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు – ఈ మూడింటిని కలిపి, గోళ్ళ కొసలతో గాక వ్రేళ్ళ మెత్తని భాగముతో, రూపాయి బిళ్ళంత వలయములుగా త్రిప్పుచు తడిమి చూడవలెను. ఒక్కొక్కచోట మూడు విధముల ఒత్తిడి కావలెను: చర్మమునకు దిగువనే తెలియునట్లు తేలికగా, మధ్యభాగము తెలియునట్లు కొంచెము గట్టిగా, ప్రక్కటెముకలు తగులునట్లు లోతుగా. చంక మొదలు రొమ్మెముక వరకును, మెడయెముక మొదలు రొమ్ము క్రింది మడత దాటువరకును, దున్నిన చాళ్ళవలె పైనుండి క్రిందికి వరుస తప్పక పోవలెను. చంకలోనికి విధిగా చేయి పోనీయవలెను. రొమ్ము వెలుపలి పైభాగమున, చంకవైపున, ఈ గడ్డలు ఎక్కువగా పుట్టుచుండును గనుక. తరువాత చేయి మార్చి ఎడమవైపు. స్నానము చేయునప్పుడు సబ్బు నురగమీద వ్రేళ్ళు సులభముగా జారును గనుక ఆ సమయమున చూచుకొనుటయు మంచిదే. ఒంటరిగా నుండుటకు వేరు గది లేని ఇండ్లలో అదియే అనువైనది. మొదటి రెండు మూడు నెలలు ఏది సహజమో ఏది కాదో తెలియక తికమక కలుగును. రొమ్ము క్రింది అంచున తగులు గట్టు సహజమే. వెలుపలిభాగము కొంత గరుకుగా తోచుటయు సహజమే. తన దేహము తనకు పరిచయమైన పిమ్మట క్రొత్తగా చేరినది తానై తెలియును. అట్టిది మరుసటి ముట్టు దాటినను పోకున్నచో వైద్యునియొద్దకు పోవలెను. నెత్తురు కారుట, చర్మము గుంటపడుట వంటివి కనిపించినచో ఆ మాత్రమును ఆగరాదు.

దొరికిన గడ్డలలో అధికభాగము క్యాన్సరు కావు. వయస్సులో చిన్నవారికి వ్రేళ్ళక్రింద గోలీవలె జారిపోవు ఫైబ్రోఎడినోమాలును, నీటితిత్తులును సాధారణములు. వానివలన ప్రాణభయము లేదు. ఏది ఏదో తేల్చుట వైద్యుని పని. చేతితో పరీక్షించి, వయస్సునుబట్టి అల్ట్రాసౌండో మామోగ్రామో తీయించి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదురు. "సూది పొడిస్తే గడ్డ లేస్తది, ఒళ్ళంత పాకుతది" అను భయము మన ఊళ్ళలో బలముగానున్నది. అది నిజము కాదు, ఆ పరీక్ష లేక చికిత్స మొదలుపెట్టుట ఎవ్వరికిని సాధ్యము కాదు. రొమ్ము తీసివేయుదురను భయమును గూర్చియు ఒక మాట. పందొమ్మిదవ శతాబ్దాంతమున అమెరికాలో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు రొమ్మును, దాని వెనుకనున్న కండరములను గూడ తొలగించు పద్ధతిని ప్రవేశపెట్టగా, అది దాదాపు డెబ్బది యేండ్లు ప్రపంచమంతట చెల్లినది. 1980ల దశాబ్దములో ఇటలీలో వెరోనేసియు, అమెరికాలో ఫిషరును, గడ్డ చిన్నదిగా నున్నప్పుడు దానిని మాత్రమే తీసి కిరణచికిత్స చేసినను ప్రాణరక్షణలో భేదము లేదని నిరూపించిరి. కాబట్టి రొమ్ము పోవునను భయముతో ఆలస్యము చేసిన స్త్రీ, ఆ ఆలస్యమువలననే, దానిని నిలుపుకొను అవకాశమును పోగొట్టుకొనుచున్నది.

ఇచ్చట పాఠకులకు దాచరాని సత్యమొకటి కలదు. స్వీయపరీక్ష నేర్పుటవలన మరణములు తగ్గునా యని పరీక్షించిన మహాప్రయత్నము మన సిరిసిల్లవంటి నేతపనివారి నడుమనే జరిగినది. చైనాలోని షాంఘై నగరమున 519 జౌళి కర్మాగారములకు చెందిన 2,66,064 మంది స్త్రీలను 1989–91 సంవత్సరములలో రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు స్వీయపరీక్షను శ్రద్ధగా నేర్పి, మరల మరల గుర్తుచేయుచు, రెండవ వర్గమునకు నేర్పక, పదేండ్లకు పైగా అనుసరించి చూచిరి. 2002లో ఫలితములు వెలువడినవి: నేర్చినవారిలో రొమ్ము క్యాన్సరువలన మరణించినవారు 135 మంది, నేర్వనివారిలో 131 మంది. భేదమే లేదు. పైగా నేర్చినవారిలో నిరపాయమైన గడ్డలకొరకు కోతలు ఎక్కువగా జరిగినవి. ఈ ఫలితము వచ్చిన పిమ్మట, ప్రతినెలయు విధిగా చూచుకొనవలెనని బోధించుచు వచ్చిన అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2003లో దానిని స్త్రీల ఇష్టమునకు విడిచినది. 2015లో సిఫారసునే మానినది.

అట్లయిన ఇంతవరకు చెప్పినది వ్యర్థమా? కాదని నా అభిప్రాయము. అందుకు కారణము చెప్పెదను. స్వీయపరీక్ష యను క్రియకు తనంతట తానుగా ప్రాణము నిలుపు శక్తి లేదు. షాంఘై స్త్రీలు నేర్వకున్నను కర్మాగారపు వైద్యశాలలకు దగ్గరగా నుండిరి. గడ్డ కనబడినంతనే చూపించుకొను అలవాటును వసతియు వారికి కలవు. మన ప్రాంతమున పరిస్థితి వేరు: గడ్డ నిమ్మకాయంత యైనను, పుండైనను బయటపడనిచోట, నేను కోరునది నెలనెల జరుగు లాంఛనము కాదు, తన దేహముతో పరిచయము, మార్పు కనబడినంతనే కదలుటకు ధైర్యము. అందుకు తోడుగా శిక్షణ పొందిన మరియొక స్త్రీ చేయి కావలెను. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో ఆరంభించిన అధ్యయనము దీనిని చూపినది. పేదవాడలలోని 1,51,538 మంది స్త్రీలలో సగము మందికి, వైద్యపట్టము లేని, శిక్షణ మాత్రమే పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేసిరి. 2021లో ప్రకటింపబడిన ఫలితములలో, వ్యాధి ముదిరిన దశలో దొరకుట తగ్గినట్లును, ఏబది ఏండ్లు దాటిన స్త్రీలలో మరణములు నూటికి ముప్పది వంతున తగ్గినట్లును తేలినది. అందరిని కలిపి చూచినచో తగ్గుదల స్వల్పమే, గణాంకశాస్త్రము నిశ్చయముగా అంగీకరించునంతటిది కాదు. అయినను పెద్ద యంత్రములు లేకయే, ఒక స్త్రీ చేతివలననే ఇంత సాధ్యమైనదను సంగతి పేదదేశమునకు గొప్ప ఊరట. మన రాష్ట్రములోను, డాక్టరు రఘురామ్ తన తల్లి పేర 2007లో స్థాపించిన ఉషాలక్ష్మి ఫౌండేషన్ వారు పల్లెలలోని ఆరోగ్య కార్యకర్తలకు ఇట్టి శిక్షణ నిచ్చిరి.

వసతులు పూర్తిగా లేవనుటకు వీలులేదు. ముప్పది ఏండ్లు దాటిన ప్రతి స్త్రీకి ఐదేండ్లకొకసారి ఏ.ఎన్.ఎం. నర్సు చేతితో రొమ్ము పరీక్ష జరుగవలెనని కేంద్రప్రభుత్వము 2016లోనే మార్గదర్శకములు వెలువరించినది. 2023 మార్చి 8న కరీంనగరములోనే ఆరంభమైన ఆరోగ్య మహిళ పథకము క్రింద, ఎంపికైన కేంద్రములలో ప్రతి మంగళవారము స్త్రీలకే ప్రత్యేకముగా పరీక్షలు చేయుటకు ఏర్పాటు జరిగినది. స్త్రీలే చూతురు గనుక జంకు కొంత తగ్గును. జగిత్యాలకు 2022లోను, సిరిసిల్లకు 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. 1955 నుండి హైదరాబాదు రెడ్ హిల్స్‌లో పనిచేయుచున్న ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో పేదలకు ఉచితముగా చికిత్స జరుగుచున్నది. ఆరోగ్యశ్రీ క్రిందను క్యాన్సరు చికిత్స లభించును. కాని జూబ్లీ బస్‌స్టేషనులో దిగి, ఆ మహానగరములో దారి తెలియక నిలుచున్న కోరుట్ల స్త్రీకి ఈ వసతులన్నియు ఒకదానికొకటి అతుకని ముక్కలుగా కానవచ్చును. వానిని కలుపు మనిషి కావలెను. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త, మన ఆశమ్మకంటె ఆ పనికి తగినవారు లేరు. ఆమెకు శిక్షణయు, దారిఖర్చును, తోడుపోయిన దినమునకు తగిన ప్రతిఫలమును ఇచ్చినచో.

ఇక కార్ఖానాలు. 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంటివద్ద చుట్టువారిని గూడ కార్మికులుగానే పరిగణించినది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమనిధియు ఏర్పడినది. 2015 నుండి రాష్ట్రప్రభుత్వము జీవనభృతి ఇచ్చుచున్నది. చట్టము గుర్తించిన కార్మికురాలికి చట్టము గుర్తించిన ఆరోగ్యము గూడ ఉండవలెను గదా. బీడీలు అప్పగించుటకు స్త్రీలందరును గుమికూడు చోటు కార్ఖానాయే. ఆశమ్మయు నర్సమ్మయు నెలకొకసారి అచ్చటనే, పరదా కట్టిన ఒక మూలగదిలో, పదిమందికి చేతితో పరీక్ష చేసి, వారికిని నేర్పినచో, దవాఖానకు పోవు ప్రయాణము అవసరమైనవారికి మాత్రమే మిగులును. అట్లు పోవలసిన స్త్రీకి మంగళవారపు కూలి పోకుండునట్లును, మరునాడు ఆకు తంబాకు ఇచ్చుటలో ఆమెను వెనుకకు నెట్టకుండునట్లును సేట్లును, టేకేదార్లును, కార్మిక సంఘములును ఒక ఒడంబడికకు రావలెను. అపారెల్ పార్కులోను ఇదే పద్ధతి నడువవచ్చును. బడులలో పంతులమ్మలకు నెలవారీ సమావేశములు ఉండనేయున్నవి. మహిళాసంఘముల సమావేశములలో కిస్తుల లెక్క ముగిసిన పిమ్మట అరగంట చాలును. ఆ అరగంటలో చదువరి ఉపన్యాసము కంటె, ఆ ఊరిలోనే చికిత్స పొంది కోలుకొన్న స్త్రీ ఒకరు ఇష్టపడి మాటలాడుట మేలు, ఆమెను బలవంతపెట్టరాదు.

మరియు ఆశమ్మ పుస్తకములో రెండు గడులు చేర్చవలెనని నా మనవి: స్త్రీ తన గడ్డను గూర్చి మొదట చెప్పిన తేదీ ఒకటి, సూదిపరీక్ష ఫలితము చేతికి వచ్చిన తేదీ మరియొకటి. చూపించుకొన్న నాటి నుండి 60 దినములలో రోగనిర్ణయము జరుగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యము నిర్ణయించినది. జగిత్యాలలోనైనను సిరిసిల్లలోనైనను ఆ రెండు తేదీల నడుమ 60 దినములు దాటినచో, ఎవరివలన దాటెనో, ఎచ్చట నిలిచిపోయెనో జిల్లా వైద్యాధికారి ప్రతినెలయు పేరుపేరున విచారింపవలెను.